టికెట్లు కొనే ముందే అనుకోవలసిన మాటలు

సంపాదకులు గారికి,

నమస్కారాలు. మహమ్మారులను ఎదుర్కోవడంలో దేశాలు ఒకదానికొకటి ఎలా సహకరించుకోవాలో చెప్పే ఒప్పందాన్ని, ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాలన్నీ కూడే ప్రపంచ ఆరోగ్య సభ 2025 మే 20న ఆమోదించిన నాటి నుంచి, ఇటువంటి విపత్తు మళ్లీ వస్తే మనం ఎంతవరకు సిద్ధంగా ఉన్నామన్న చర్చ పత్రికల్లో అప్పుడప్పుడూ కనిపిస్తూనే ఉంది. టీకాలు, ఆక్సిజన్, ఆసుపత్రి పడకలు, సరిహద్దుల మూసివేత వంటి వాటి చుట్టూనే ఆ చర్చ తిరుగుతోంది. అవన్నీ ప్రభుత్వాలు చూసుకోవలసిన పనులు. అయితే ప్రభుత్వం ఆంక్షలు పెట్టకముందు కొన్ని వారాలు, వాటిని ఎత్తివేసిన తరువాత కొన్ని నెలలు, వెళ్లాలా మానాలా అన్న ప్రశ్నను పూర్తిగా మనకే వదిలేసిన కాలం ఒకటి ఉంటుంది. కోవిడ్ రోజుల్లో ఆ కాలం తక్కువేమీ కాదు. అప్పుడు నిర్ణయాలు జరిగింది మంత్రివర్గ సమావేశాల్లో కాదు, స్నేహితుల వాట్సాప్ గ్రూపుల్లో. అక్కడ పాటించవలసిన పద్ధతి గురించి ఎవరూ పెద్దగా రాయడం లేదు కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను చెప్పదలచినది ఒక్కటే. మహమ్మారి కాలంలో స్నేహితులంతా కలిసి చేసే ప్రయాణాన్నీ, ఒకచోట చేరే కార్యక్రమాన్నీ ‘ఎవరిష్టం వారిది’ అని వదిలేయకూడదు. ఏ పరిస్థితి వస్తే మానుకోవాలో డబ్బు కట్టకముందే అందరూ కూర్చుని తేల్చుకోవాలి. మానుకున్నందువల్ల వచ్చే నష్టాన్ని తలా కొంత భరించడానికి అప్పుడే ఒప్పుకోవాలి. వెనక్కి తగ్గిన వ్యక్తిని కారణం అడగకూడదు.

‘ఎవరిష్టం వారిది’ అనే మాట వినడానికి ఉదారంగానే ఉంటుంది. ఆచరణలో మాత్రం అది బలహీనుడి మీద భారం వేసే ఏర్పాటు. ఈ గ్రూపుల్లో సంభాషణ నడిచే తీరు చూడండి. ఒకరు బస చేయబోయే చోటు ఫొటోలు పెడతారు. ఇద్దరు ముగ్గురు బొటనవేలి గుర్తులు పెడతారు. అందరూ చూసినట్టు నీలి గీతలు పడతాయి కానీ ఒక్కరి దగ్గర నుంచి మాత్రం జవాబు రాదు. ఆ ఒక్కరి పేరు కింద ‘టైపింగ్’ అని కనబడి ఆగిపోతుంది, కాసేపటికి మళ్లీ కనబడుతుంది, చివరికి వచ్చేది ‘చూద్దాంలే’. వెంటనే మరొకరు ‘ఏం కాదులే, అందరమూ టీకాలు వేయించుకున్నవాళ్లమేగా’ అంటారు. అక్కడితో విషయం ముగిసిందనుకుంటారు. రాలేనని పైకి చెప్పలేక, రావడానికి మనసొప్పక, ఆ మనిషి నలుగురితో నారాయణా అన్నట్టు డబ్బు పంపేస్తాడు. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. ఉన్నదల్లా మొహమాటం. ఏ ప్రజారోగ్య శాఖ పట్టికలోనూ వ్యాధి వ్యాప్తికి కారణంగా మొహమాటం పేరు కనిపించదు గానీ, ఉండవలసిందేనని నా అభిప్రాయం.

స్నేహితుల కలయికలో ప్రమాదాన్ని వ్యక్తిగత లెక్కగా ఎందుకు చూడకూడదో చెప్పడానికి 2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, స్కాజిట్ కౌంటీలో జరిగిన బృందగాన సాధనను మించిన ఉదాహరణ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా పేర్కొన్నది ఆ మరునాడు, అంటే మార్చి 11న. బృందంలో మొత్తం 122 మంది ఉండగా ఆ సాయంత్రం వచ్చినవారు 61 మంది. వారు నిర్లక్ష్యంగా ఉన్నవారేమీ కారు. చేతులు శుభ్రం చేసుకునే ద్రవం గుమ్మం దగ్గరే పెట్టారు, కౌగిలింతలు మానుకున్నారు. అయితే కుర్చీల మధ్య జానెడు దూరమే ఉంది. దాదాపు రెండున్నర గంటలపాటు మూసిన గదుల్లో గొంతెత్తి పాడారు, మధ్యలో కొద్దిసేపు పండ్లూ బిస్కట్లూ తిన్నారు, చివర్లో ఎవరి కుర్చీలు వారు మడిచి ఒకచోట పేర్చారు. వారిలో ఒకరికి మూడు రోజుల ముందు నుంచే జలుబు వంటి లక్షణాలు ఉన్నాయి. తరువాత విచారిస్తే, ఆ వ్యక్తితో కలిపి 53 మందికి వ్యాధి సోకినట్టు లేదా సోకి ఉండవచ్చునని తేలింది. ఇద్దరు చనిపోయారు.

ఈ సంఘటనను ఎవరినో తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఆనాటికి సమావేశాలపై అక్కడ నిషేధం లేదు. జలుబుతో వచ్చిన మనిషికి తనకున్నది కోవిడ్ అని తెలిసే వీలూ అంతగా లేదు. నేను గమనించమంటున్నది వేరు. వచ్చిన 61 మందిలో ప్రతి ఒక్కరూ ‘నా ఆరోగ్యం బాగానే ఉంది, నా జాగ్రత్త నేను తీసుకుంటున్నాను’ అని ఎవరికి వారు లెక్క వేసుకునే వచ్చి ఉంటారు. విడివిడిగా చూస్తే ఏ లెక్కా తప్పు కాదు. కానీ ఒక గదిలోకి చేరిన తరువాత అందరూ పీల్చే గాలి ఒకటే కనుక, లెక్క కూడా ఒకటే అవుతుంది. ‘కొంచెం జలుబు చేసినా రావద్దు, రానందుకు ఎవరూ ఏమీ అనుకోరు’ అని అందరికీ ముందే చెప్పి ఉంచడమే ఆ రోజున పనికివచ్చే జాగ్రత్త. అటువంటి మాట ఆఖరి నిమిషంలో పుట్టదు. ముందే అనుకుని ఉండాలి.

అదే ఏడాది జనవరి 24న చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో ఒక రెస్టారెంట్‌లో పక్కపక్క బల్లల దగ్గర భోజనం చేసిన మూడు కుటుంబాల్లో 10 మందికి వ్యాధి సోకింది. కిటికీలు లేని హాలులో ఏసీ అదే గాలిని ఆ మూడు బల్లల మధ్య తిప్పుతూ ఉండడమే కారణమని పరిశోధకులు నిర్ధారించారు. ఆ కుటుంబాల్లో ఒకటి అంతకు ముందు రోజే వూహాన్ నుంచి వచ్చింది. ఆ భోజనం సమయానికి వ్యాధి మోసుకొచ్చిన వ్యక్తికి లక్షణాలు కూడా పైకి కనిపించలేదు. మిగిలిన రెండు కుటుంబాలకు ఆ ప్రయాణంతో ఏ సంబంధమూ లేదు. ఒకరి ప్రయాణం మరొకరికి చుట్టుకోవడమంటే ఇదే.

ఇక్కడ కాలం లెక్కలు కొంచెం వివరించడం అవసరం, ఎందుకంటే స్నేహితుల మధ్య జరిగే వాదనల్లో ఎక్కువ పొరపాట్లు వీటి దగ్గరే జరుగుతున్నాయి. కోవిడ్ తొలి రకాల్లో వైరస్ సోకిన తరువాత లక్షణాలు బయటపడడానికి సగటున 5, 6 రోజులు పట్టేది. కొందరిలో 14 రోజుల వరకు పట్టేది. 2021 నవంబరులో గుర్తించిన ఒమిక్రాన్ రకంతో ఈ వ్యవధి దాదాపు 3 రోజులకు తగ్గింది. లక్షణాలు కనిపించడానికి సుమారు రెండు రోజుల ముందు నుంచే ఆ వ్యక్తి నుంచి ఇతరులకు సోకే అవకాశం ఉంటుంది. కొందరిలో లక్షణాలు అసలే కనిపించవు. కాబట్టి ‘నాకేం లేదు, హాయిగా ఉన్నాను’ అనడం నిజమే కావచ్చు గానీ, అది పక్కవారికి భరోసా కాదు. బయలుదేరడానికి మూడు రోజుల ముందు చేయించుకున్న పరీక్షలో నెగెటివ్ వచ్చిందంటే, ఆ రోజున శరీరంలో పట్టుబడేంత వైరస్ లేదని మాత్రమే అర్థం. ఇంట్లో చేసుకునే యాంటీజెన్ పరీక్ష కలుసుకోబోయే రోజున, అదీ కలవడానికి కొద్దిసేపటి ముందు చేసుకుంటే ఎక్కువ ఉపయోగం. అదీ పూర్తి హామీ ఇవ్వదు. టీకా విషయమూ అంతే. అది తీవ్రమైన జబ్బు నుంచీ, మరణం నుంచీ గట్టిగా కాపాడుతుంది. ఇతరులకు అంటించకుండా అదే స్థాయిలో ఆపలేదని డెల్టా, ఒమిక్రాన్ కాలాల్లో అందరమూ చూశాం.

అసలు చిక్కు మరొకచోట ఉంది. ఏ స్నేహబృందంలోనైనా అందరి శరీరాలూ, అందరి ఇళ్లూ ఒకలా ఉండవు. ఒకరు మూత్రపిండం మార్పిడి చేయించుకుని రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతుండవచ్చు. ఒకరి ఇంట్లో కీమోథెరపీ నడుస్తుండవచ్చు. ఇటువంటివారికి టీకా వేసినా శరీరం తగినంత రక్షణను తయారు చేసుకోలేకపోవచ్చు. ఒకరు గర్భం దాల్చి, ఆ సంగతి ఇంకా ఎవరికీ చెప్పకపోయి ఉండవచ్చు. ఈ విషయాలన్నీ ప్రాణస్నేహితులకైనా చెప్పితీరాలన్న నియమం ఏదీ లేదు. కానీ ‘ఎందుకు రావు?’ అని పదిమందిలో నిలదీసినప్పుడు, తన వైద్య చరిత్రను బయటపెట్టడమో, కట్టుకథ చెప్పడమో, లేకపోతే కక్కలేక మింగలేక ప్రయాణానికి సిద్ధపడడమో తప్ప ఆ మనిషికి వేరే దారి ఉండదు. కారణం అడగకూడదన్న నియమం మర్యాద కోసం పెట్టుకునేది కాదు. నిజం చెప్పకుండానే సురక్షితంగా తప్పుకొనే వీలు కల్పించడానికి పెట్టుకునేది. ఆ వీలు లేనిచోట మనుషులు జ్వరాన్ని కూడా దాస్తారు. దగ్గు వస్తే ఏసీ పడలేదంటారు, గొంతు పట్టేస్తే రాత్రంతా నిద్ర లేదంటారు. అదంతా పక్కన కూర్చున్నవారు చూసీ చూడనట్టు ఊరుకుంటారు.

డబ్బు సంగతి మాట్లాడడానికి స్నేహితులు ఇబ్బంది పడతారు కాబట్టి దాని గురించి కొంత వివరంగానే రాస్తాను. వాయిదా వేయవలసిన ప్రయాణాలు వాయిదా పడకపోవడానికి ధైర్యం కంటే, కట్టిన డబ్బు పోతుందన్న బాధే ఎక్కువ సందర్భాల్లో కారణం. 2020లో చాలా విమానయాన సంస్థలు ప్రయాణికులకు నగదు వాపసు ఇవ్వడానికి బదులు, తరువాత వాడుకునే వోచర్లు ఇచ్చాయి; వాటిలో కొన్నింటికి గడువులు ఉండేవి. విమానం రద్దయితే ఒక నియమం, మనంతట మనం మానుకుంటే మరొక నియమం. ప్రయాణ బీమా ఉంది కదా అనుకునేవారు గమనించవలసిన సంగతి ఒకటుంది. ప్రయాణికుడికే జబ్బు చేస్తే పరిహారం ఇచ్చే పాలసీలు కూడా, జబ్బు వస్తుందేమోనన్న జంకుతో మానుకుంటే సాధారణంగా ఇవ్వవు. మహమ్మారి సంగతి లోకమంతటికీ తెలిసిన తరువాత కొన్న పాలసీల్లో మినహాయింపులు ఇంకా ఎక్కువ. కాబట్టి ముందుగా వెనక్కి తగ్గినవారే ఎక్కువగా నష్టపోతారు, చివరిదాకా మొండిగా ఉన్నవారికి, విమానమే రద్దయితే, ఒక్కోసారి పూర్తి వాపసు వస్తుంది. జాగ్రత్తపరుడికి జరిమానా, మొండివాడికి బహుమానం అన్నమాట.

దీనిని స్నేహితులు తమలో తాము సరిచేసుకోవచ్చు. బస, వాహనం బుక్ చేసే సమయంలోనే, ఎవరు మానుకున్నా తిరిగిరాని మొత్తాన్ని అందరూ సమంగా భరించాలని అనుకుంటే చాలు. ఆరుగురిలో ఒకరు ఆగిపోతే ఆ నష్టం ఆరు భాగాలవుతుంది, ఎవరికీ పెద్దగా నొప్పి తెలియదు. దీనివల్ల మరొక మేలు కూడా ఉంది. రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి వచ్చే బస కొంచెం ఖరీదైనా దానినే ఎంచుకోవడానికి అప్పుడు అందరూ ఆసక్తి చూపుతారు. దీనిని కొందరు దుర్వినియోగం చేయరా అని అడగవచ్చు. చేయవచ్చు. ప్రయాణం తప్పించుకోవడానికి దొంగజ్వరం నటించే స్నేహితుడికి ఆ కాస్త సొమ్ము పోగొట్టుకోవడం, అసలు జ్వరంతో వచ్చేవాడి పక్కన రాత్రంతా కూర్చోవడం కంటే నాకు లాభసాటిగానే తోస్తుంది.

మానుకోవలసిన పరిస్థితులేమిటో ముందే రాసుకోవాలని అన్నాను. అవి ఎంత స్పష్టంగా ఉంటే అంత మంచిది. ‘పరిస్థితి బాగోలేకపోతే ఆపేద్దాం’ అనుకోవడం వల్ల ఉపయోగం లేదు. ఎంత బాగోలేకపోతే అన్నది ఎప్పటికీ తేలదు. వెళ్లబోయే చోట ఆసుపత్రులు నిండుతున్నాయని అధికారికంగా చెబితే ఆగాలి. బృందంలో ఎవరికైనా, వారి ఇంట్లో ఎవరికైనా జ్వరమో దగ్గో ఉంటే ఆ మనిషి ఆగాలి. ఫలానా తేదీన, అంటే డబ్బు వాపసు వచ్చే ఆఖరు గడువుకు ఒకరోజు ముందు, అందరూ మాట్లాడుకొని తుదినిర్ణయం చెయ్యాలి. ఒక్కరు వద్దన్నా మొత్తం ప్రయాణం మానాలా, లేక మిగిలినవారు వెళ్లవచ్చా అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి. నా మటుకు, ఒకే ఇంట్లో, ఒకే వాహనంలో ఉండవలసిన కార్యక్రమమైతే అందరిలోనూ ఎక్కువ ప్రమాదంలో ఉన్నవారి మాటే చెల్లాలంటాను. ఇది కొందరికి కష్టంగా తోస్తుంది. కానీ ఆ మనిషి కోసం ఏర్పాట్లు మార్చడానికి సిద్ధంగా లేనప్పుడు, పిలుపు పంపడం మర్యాద అనిపించుకుంటుందే తప్ప స్నేహం అనిపించుకోదు.

ప్రయాణ సాధనాల గురించి క్లుప్తంగా చెబుతాను. విమానం గాలిలో ఉన్నంతసేపు లోపలి గాలి వడపోత యంత్రాల గుండా పోతుంది కనుక భయం మరీ ఎక్కువ అక్కర్లేదు. ఇరుకు వరుసల్లో నిలబడడం, బస్సులో కిక్కిరిసి విమానం దగ్గరికి పోవడం, అందరూ ఒకేసారి మాస్కులు తీసి తినడం వంటి వాటి దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. సొంత కారు భద్రమన్న నమ్మకం పాక్షికంగానే సరైనది. అద్దాలు బిగించి గంటల తరబడి ఆరుగురు కబుర్లు చెప్పుకుంటూ పోయే వాహనం కదిలే మూసిన గదే. ముందొకటి, దానికి ఎదురు మూలగా వెనుకొకటి అద్దం దించితే లోపలి గాలి బాగా మారుతుంది. వర్షమో దుమ్మో ఉంటే దించలేం కదా అంటారు. అప్పుడు మంచి మాస్కు తప్ప మార్గం లేదు. ఓడ ప్రయాణాల సంగతి మాత్రం లోకమంతా చూసింది. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యొకొహామా రేవులో ఆగిన డైమండ్ ప్రిన్సెస్‌లో 3,711 మంది ఉంటే 700 మందికి పైగా వ్యాధి సోకింది.

ఇంతా చెప్పి, అన్నీ మానుకోవడమే మంచిదని నేను అనడం లేదు. ఒంటరితనానికి కూడా మూల్యం ఉంది. మహమ్మారి తొలి ఏడాదిలో ఆందోళన, కుంగుబాటు సమస్యలు ప్రపంచవ్యాప్తంగా 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో తెలిపింది. వీడియో కాల్‌లో అందరూ ఒకేసారి మాట్లాడడం, తరువాత ఒకేసారి మౌనంగా ఉండడం, ‘నీ మైకు ఆఫ్‌లో ఉంది’ అని ఒకరికొకరు చెప్పుకోవడం కొన్నాళ్లు సరదాగానే ఉంది, ఆ తరువాత పిలుపు వస్తేనే నీరసం వచ్చేది. ఈ కారణంగానే న్యూజిలాండ్ 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు పరిమితమైన ఒక చిన్న వలయంలో మనుషులు కలిసి ఉండే పద్ధతిని అమలు చేసింది. అదే ఏడాది జూన్‌లో ఇంగ్లండ్, ఒంటరిగా బతుకుతున్న పెద్దలు మరొక ఇంటివారితో కలిసిపోవడానికి అనుమతించింది. మనిషికి మనిషి కావాలన్న సంగతి అంత కఠినమైన ఆంక్షలు పెట్టిన ప్రభుత్వాలు కూడా గుర్తించక తప్పలేదు.

అందువల్ల మానుకున్న ప్రతి ప్రయాణానికీ బదులు మరొకటి అప్పుడే నిర్ణయించుకోవాలి. ‘అంతా సర్దుకున్నాక చూద్దాం’ అనే వాయిదాతో స్నేహాలు మెల్లగా పలచబడిపోతాయి. మూడు రోజుల యాత్రకు బదులు ఒక సాయంత్రం, హాలుకు బదులు ఆరుబయట, పాతికమందికి బదులు నలుగురు అయినా సరే, తేదీ వేసుకోవాలి. మూసిన గదులు, గుంపులు, దగ్గరగా మాట్లాడుకోవడం అనే మూడింటినీ తప్పించమని జపాన్ ప్రభుత్వం 2020లో తన ప్రజలకు చెప్పింది. కలయికలను పూర్తిగా రద్దు చేయకుండా, అవి జరిగే తీరును మార్చడానికి ఉపకరించిన సలహా అది. ఆ మూడింటినీ తప్పించి కూడా కడుపునిండా మాట్లాడుకోవచ్చు.

మరొక సంగతి కూడా చెప్పాలి. జాగ్రత్తపరుల్లో కొందరు తమ జాగ్రత్తను కర్రలా వాడుతున్నారు. ఎవరో ఎక్కడికో వెళ్లి ఫొటో పెడితే, దాని కింద వ్యాధి గణాంకాలు రాసి పరువు తీయడం, గ్రూపులో ఉపన్యాసాలు ఇవ్వడం 2021లో మనందరం చూశాం. దీనివల్ల వెళ్లేవారు మానలేదు, వెళ్లినట్టు చెప్పడం మానేశారు. అది ఇంకా ప్రమాదం. తిరిగివచ్చిన మూడో రోజున జ్వరం వచ్చినవారు మొదట చేయవలసిన పని కలిసినవారందరికీ ఆ సంగతి చెప్పడం. ఛీవాట్లు తప్పవని తెలిసినప్పుడు ఎవరూ చెప్పరు. ఆ కబురు అందిన తరువాత ఎదుటివారి నుంచి రావలసిన మొదటి మాట ‘ఎలా ఉన్నావు?’ అన్నదే గానీ ‘ముందే చెప్పానా’ అన్నది కాదు.

కోవిడ్ అంతర్జాతీయ అత్యవసర స్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. ఇప్పుడు ఇవన్నీ పాత కబుర్లుగా కనిపించవచ్చు. నిజానికి ఇటువంటి ఒప్పందాలు చేసుకోవడానికి తగిన సమయం ఇదే. ఎవరికీ జ్వరం లేనప్పుడు, ఎవరి డబ్బూ ఎక్కడా చిక్కుకోనప్పుడు మాట్లాడుకుంటే, ఆ మాటలు ఎవరినో ఉద్దేశించి అన్నట్టు ఉండవు.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. వారం వారం మీరు ప్రచురించే పర్యటనల పేజీలో చూడదగిన చోట్లు, చేరుకునే మార్గాలు, వాతావరణం వంటి వివరాలు చక్కగా ఇస్తున్నారు. వాటితో పాటు బసలకూ ప్రయాణ సాధనాలకూ ఉండే రద్దు గడువులను, మనంతట మనం మానుకుంటే ఎంత తిరిగి వస్తుందన్న వివరాన్ని, సమీపంలో ఉన్న పెద్ద ఆసుపత్రి ఎంత దూరమన్న సంగతిని కూడా నాలుగు పంక్తుల్లో ఇవ్వగలరని కోరుతున్నాను. స్థలం చాలదంటే ఒక ఫొటో తగ్గించినా పాఠకులు నొచ్చుకోరు.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు